టుంగుమంటే అయిపోయినట్టా?

బాన్సువాడ బస్టాండు వెనక ఉన్న ఆన్‌లైన్ సెంటర్‌లో నా పక్క సీటతనితో నాకు మొదటి వారం నుంచే పడలేదు. మా తాతవాళ్లు కోస్తా నుంచి వచ్చి వర్నిలో కాలువ కింద పొలం చేసుకున్నారు. నేను పుట్టింది ఇక్కడే అయినా నోట్లోంచి వచ్చేది మా ఇంటి మాటే. ఎవరినైనా "కూర్చోండి" అంటే చాలు, అతను "కూర్చోండండీ" అని సాగదీసి అందరినీ నవ్వించేవాడు. నేనూ ఊరుకోలేదు. అతని ప్రింట్లు నా ప్రింటర్‌లోకి వస్తే తీసి నేల మీద పడేసేదాన్ని.

మా ఓనరు ఎక్కడెక్కడో దొరికిన పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. కంప్యూటర్‌ను నడిపించే సిస్టం అతనిదాంట్లో ఒకటి, నాదాంట్లో ఉచితంగా దొరికే ఇంకొకటి. వాటి చప్పుళ్లు వేరు. పని పూర్తయితే అతనిది టుంగుమనేది. పని చెడితే నాది టుంగుమనేది. ఎప్పటికైనా ఇది కొంప ముంచుతుందని ఓనరుకు చెప్పాను.

"చప్పుడుదేముందమ్మా, పని గావాలె గని," అన్నాడు.

ఒకసారి నేను భోజనానికి వెళ్లినప్పుడు అతని కంప్యూటర్ మొరాయిస్తే నా సీట్లో కూర్చుని పని చేశాడట. ఆ సంగతి నాకు చాలా రోజులకు, ఒక అవ్వ వల్ల తెలిసింది.

మహమ్మద్ నగర్ దగ్గరి తండా ఆమెది. భర్త కాలువ మీద నీళ్లు వదిలే లస్కరుగా పనిచేసి పోయాడు. అతని పింఛనే ఆమెకు ఆధారం. బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేస్తేనే అది వస్తుంది. ఆ రోజు ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నా పింఛన్ బందైంది. బతికున్నట్టు కాయిదం రాలే అంటున్నరు. నేను సచ్చిన్నా?"

"వేలిముద్ర వేశారా అవ్వా?"

"ఏసిన. గీ కుర్సీలనే కూసున్నడు గాయన. ఫోన్ల మాట్లాడుకుంట నా ఏలు పట్టి అదిమిండు. టుంగుమన్నది. అయిపోయింది, ఇగ పో అన్నడు."

ఆమె వేలెత్తి నా పక్క సీటతన్నే చూపించింది. నా కంప్యూటర్‌లో పాత వివరాలు తీసి చూశాను. వేలిముద్ర పడలేదనే ఉంది. పని చెడినప్పటి చప్పుడు గట్టిగా మోగించి, ఇదేనా అని అడిగాను. గిదే అంది అవ్వ.

"తెర కూడా చూడకుండా, చప్పుడు విని మనిషిని పంపించేస్తారా?" అన్నాను అతనితో.

అతను కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "నా దాంట్ల టుంగుమంటే అయినట్టే. నీ డబ్బా ఉల్టా మోగితే నాదేంది తప్పు? నన్ను బద్నాం చెయ్యనీకే గట్ల పెట్టినవ్. అయినా ఆమె ఏళ్లే అరిగిపోయినయ్, నేనేం జెయ్యాలె?"

అవ్వ తన చేతులు చూసుకుంది. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి గీతలు చెరిగిపోయిన వేళ్లవి. ఆమె ముందే ఆ మాట అన్నందుకు అతన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

సబ్బుతో చేతులు కడిగించి, తుడిచి, ఒక్కో వేలూ పెట్టించాను. ఆఖరికి ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. ఆమె లేవలేదు.

"టుంగుమనలే గద బిడ్డా. అయిందా?"

కాగితం చేతిలో పెట్టాకే నమ్మింది. పింఛను మళ్లీ మొదలైంది గానీ, ఆ మధ్యంతా ఆమె ఎలా గడుపుకుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అన్ని కంప్యూటర్లూ ఒకేలా మోగకపోతే మానేస్తానని ఓనరుతో అన్నాను. ఎట్లన్న చేసుకోండ్రి అన్నాడు. వెతికితే, నాదాంట్లో ఉన్నలాంటి ఉచిత సిస్టంలు తయారుచేసేవాళ్లు చప్పుళ్లకు ఉమ్మడి పేర్లు పెట్టుకున్నారని తెలిసింది. పని పూర్తయితే ఒక పేరు, తప్పయితే ఒక పేరు. కానీ ఆ పేరు కింద ఏ మోత పెట్టాలో ఎవరిష్టం వాళ్లది. అతని సిస్టం ఆ పేర్లనూ లెక్కచెయ్యదు. అందుకని మోతలు నేనే తయారుచేశాను. పూర్తయితే సైకిల్ బెల్లు, తప్పయితే స్టీలు పళ్లెం మీద గరిటె దెబ్బ. ఇంట్లోనే ఫోన్‌లో రికార్డు చేసి అన్నింట్లో ఎక్కించాను. అతను చాయ్‌కి వెళ్లినప్పుడు అతనిదాంట్లోనూ ఎక్కించాను.

"నా మెషిన్ ముట్టనీకి నువ్వెవరు?" అని మౌస్ విసిరికొట్టాడు. వాటిని తీసేశాడు. నేను మళ్లీ ఎక్కించాను. తీసేశాడు. ఎక్కించాను. చివరికి స్పీకర్ వైరే పీకేశాడు.

అప్పటికి జనానికి బెల్లు అలవాటైపోయింది. అతను అయిపోయిందన్నా ఎవరూ కుర్చీ వదలలేదు. "బెల్లు కొట్టలే గదనే అన్నా, అయిందని ఎట్లంటవ్?" అని అక్కడే కూర్చునేవారు. వెనక లైను పెరిగిపోయేది. ఒకనాడు ఓనరు ఆ వైరు తనే పెట్టి, మళ్లీ పీకితే ఇంటికి పొమ్మన్నాడు. అతను పళ్లు కొరుకుతూ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మేం ఇప్పటికీ మాట్లాడుకోం. ఈమధ్య అతని సీటుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. నేను పక్కనే ఉన్నా ఓనరు వైపు తిరిగి, "గా చప్పుళ్లు దీంట్ల ఏయమను ఆమెను," అన్నాడు.

వేశాను. సాయంత్రం దాకా ఆగి.