రెండో మార్గం లేదన్న మనిషి

మొన్న పెన్షన్ కాగితాల పని మీద, అంటే నేనింకా బతికే ఉన్నానని ఏడాదికోసారి రుజువు చూపే పని మీద, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. మన వయసు వాళ్లకు ఆ మెట్లు, ఆ క్యూలు ఎంత అలసటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ దుకాణం ముందు నిలబడితే, "జర ఆగుండ్రి అంకుల్, ఈ మేడమ్‌ది పెద్ద నోట్సున్నది, అయినంక మీదే" అన్నాడు దుకాణం అతను. ఆగక చేసేదేముంది? మిషన్‌లోంచి ఒక్కొక్కటే వస్తున్న కాగితాలను చూస్తూ ఉంటే, ఒక దాని మీద గడులూ బాణాలూ కనిపించాయి. ఆదేశాన్ని నీ మాటల్లో రాయి, తెలిసినదీ తెలియనిదీ విడదీయి, కనీసం రెండు మార్గాలు ఆలోచించు, పోల్చు, ఒకటి ఎంచు, ఆజ్ఞ రాయి. ఏదో మేనేజ్‌మెంట్ పరీక్షకట. ఆ ఆరు గడులనూ నేను ఒకప్పుడు సముద్రపు ఒడ్డున, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడకున్న నల్లబల్ల మీద సుద్దతో గీసి చెప్పేవాణ్ణి.

మాది నల్గొండ వైపు పల్లె. నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనికి కుదిరాక ఇటు వచ్చాం. నాకు చదువు చెప్పింది బడి కంటే ఎక్కువగా శాఖా గ్రంథాలయం. అట్టలూడిన విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు, ఎవరూ అడగని ఓడల పుస్తకాలు అన్నీ వరసబెట్టి చదివాను. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు, దాచుకోను కూడా. ఆ పుస్తకాల పుణ్యమా అని, మా ఇంట్లో ఎవరూ కంటితో చూడని సముద్రం మీద యూనిఫాం ఉద్యోగంలో చేరాను. ఆ సర్వీసు పేరు ఇక్కడ అవసరం లేదు.

ఆ రోజుల్లో అక్కడ ఎవరి పద్ధతి వారిది. ఏ పడవ ఎప్పుడు కదలాలో, ఎటు వెళ్లాలో నాయకుడి తలలో ఉండేది. ఆయన బదిలీ అయితే ఆ తల కూడా బదిలీ అయిపోయేది. అందుకని పైనుంచి, ఇకమీదట అందరూ ఒకే పద్ధతిలో ప్రణాళిక వేయాలంటూ ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం వచ్చింది. మా శిక్షణ అధికారి దాన్ని నాలుగు రోజులు తిరగేసి, పుస్తకాలంటే పడిచచ్చేవాడివి కదా అని నా చేతిలో పెట్టారు. నెల రోజులు కూర్చుని నలభై పేజీల నోట్సుగా కుదించాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ పనిచేయలేదు.

పాఠం చెప్పే పనీ నాకే వచ్చింది. మొదటి బ్యాచ్‌లో దాదాపు అందరూ కోస్తా వాళ్లే. "మీ ఊళ్లో చెరువే ఎండిపోద్దంట కదా మాస్టారూ, మాకు సముద్రం పాఠం చెబుతావా?" అని నవ్వేవారు. వాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. తాతల నాటి నుంచీ చేపల వేట మీద బతికిన కుటుంబం. రాత అంతంత మాత్రమే కానీ, నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు. ఈ కోర్సు పాసైతేనే ఆయనకు చివరి ప్రమోషన్, దానితో ఇంకో నాలుగేళ్ల కొలువు. లేదంటే ఆ ఏడాదితో ఇంటికే. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు.

పరీక్షలో నేనిచ్చిన లెక్క ఇది. తుఫాను ముందు, నది మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, ఒక పడవలో మందులు చేర్చాలి. అందరూ రెండు మార్గాలు రాశారు, ఉత్తరం నుంచి ఒకటి, దక్షిణం నుంచి ఒకటి. పెద్దాయన మాత్రం ఉత్తరం నుంచి, పోటు నీటి మీద వెళ్లాలని రాసి, రెండో మార్గానికి ఉంచిన గడిలో 'రెండో మార్గం లేదు' అని ఊరుకున్నాడు. ఆ గడిలో ఏదో ఒక మార్గం రాయకపోతే పాస్ లేదన్నది నేను పెట్టిన నియమమే. పిలిచి, ఏదో ఒకటి రాసెయ్యమన్నాను.

"లేని దారి ఉందని ఎలా రాసెయ్యమంటావు మాస్టారూ? దక్షిణాన ఇసక మేటేసీసింది. రేపు ఎవడో కుర్రోడు ఈ కాగితం నమ్మి పడవని దాని మీదకి ఎక్కించీగలడు."

మరి మిగతా వాళ్లకు ఆ ఇసుక సంగతి తెలియదా? ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అదే అడిగితే ఒకడు టీ తాగుతూ పకపకా నవ్వాడు. "తెలీకేం? పెద్దసారుకి నచ్చేది పైన రాయాలి, ఎవడికీ నచ్చనిది కింద రాయాలి. అప్పుడు ఆయన పైదే ఎంచుతాడు. మీరు చెప్పిన పోల్చడమంటే అదే కదా మాస్టారూ!"

గదికి వెళ్లి ఆ జవాబులన్నీ మళ్లీ చదివాను. గడి నిండిందా లేదా అని చూశానే తప్ప, అందులో రాసింది నిజమా కాదా అని చూడలేదు. ఆ బ్యాచ్ మొత్తంలో పాఠం అర్థమైంది ఒక్కడికే, నేను ఫెయిల్ చేసిందీ ఆ ఒక్కణ్ణే. మర్నాడు ఫలితాలు పైకి పంపే ముందు అధికారి పిలిచి, అంతా సరిగ్గానే ఉందా అని అడిగారు. సరిగ్గా లేదని చెబితే బ్యాచ్ మొత్తం పోతుంది, కొత్త పద్ధతికి మొదట్లోనే చెడ్డ పేరు వస్తుంది, నా నలభై పేజీల నోట్సు అటకెక్కుతుంది. ఉందని చెప్పాను.

పెద్దాయన ఆ ఏడాది చివర వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఎండుచేపల పొట్లం ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. తర్వాతి బ్యాచ్‌కు నోట్సులో ఒక వాక్యం కలిపాను: రెండో మార్గం లేకపోతే లేదని రాయండి, ఎందుకు లేదో రాయండి, మార్కులు పూర్తిగా వస్తాయి. ఆ సంగతి ఆయనకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదంటే మీరు నమ్ముతారో లేదో, అంత చదివినవాణ్ణి.

నేను రిటైరయ్యే దాకా ఆ వాక్యం ఉంది. పోయిన నెల, ఒకప్పటి నా శిష్యుడు, ఇప్పుడు అక్కడే పాఠం చెబుతున్నవాడు, ఫోన్ చేసి క్షేమసమాచారాలు అడిగాడు. మాటల్లో ఆ వాక్యం సంగతి అడిగాను. ఇప్పుడు ఆ నోట్సే లేదట, అంతా కంప్యూటర్ తెర మీదేనట, పని చాలా తేలికైందట. రెండో మార్గం గడి ఖాళీగా వదిలినా, లేదని రాసినా, తెర తరువాతి పేజీకి పోనివ్వదట. మరి నిజంగా లేనప్పుడు ఏం చేస్తారురా అంటే, ఏదో ఒకటి కొట్టేస్తాం సార్ అని నవ్వాడు.

ఆ పెద్దాయన అయితే లేని దారి కొట్టనని, ఆ తెర ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని, అక్కడే ఉండిపోయేవాడు.