అమ్మకి చోప్ చేసిన కుర్చీ

ఈ రోజు గ్రీస్‌లోని నాక్సోస్ దీవిలో నేనూ, మా అమ్మాయీ సముద్రం ఒడ్డునున్న ఊళ్ళన్నీ తిరిగాం. ఈ ట్రిప్ ప్లాన్ చేసింది మా ఆవిడ. పోయినేడు తను చనిపోయింది.

మధ్యాహ్నం హోటల్లో పిల్ల మూడో కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టింది. మా సింగపూర్‌లో సీటు ఆపుకునేది అలాగే, దాన్నే చోప్ అంటాం. ఇక్కడి వెయిటర్‌కేం తెలుసు? ప్యాకెట్ తీసేసి, కుర్చీ పక్క టేబుల్‌కి లాక్కుపోయాడు.

"నో లా! అది అమ్మకి చోప్ చేశా!" అని మా సింగపూర్ యాసలో అరిచి ఏడ్చేసింది పిల్ల.

"సారీ! అమ్మ ఎప్పుడొస్తారు?" అని నన్నడిగాడు.

"లేటవుతుంది" అన్నాను. ఉన్నప్పుడు మాత్రం ఏనాడు టైముకొచ్చింది గనక!

పాపం, కుర్చీతో పాటు ఓ ప్లేటు కూడా తెచ్చి పెట్టాడు.

మేం తినడం అయిపోయింది. మీరైతే ఆ బల్ల దగ్గర్నుంచి ఎలా లేచేవారు?