ప్రభుదాస్ బండిలో ఆదివారం లైటు

మా ప్రభుదాస్ పికప్ బండి తలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. సీతాఫల్‌మండిలో మా గల్లీ దుమ్ముకు కొత్త కార్లు కూడా నెలలో రంగు మారిపోతాయి. ఆయన బండి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది. స్కూళ్లకూ ఫంక్షన్ హాళ్లకూ కుర్చీలూ బల్లలూ చేరవేయడం ఆయన బతుకుతెరువు. బండి కడగడం ఆయన బతుకు. శనివారం సాయంత్రం నల్లా రాగానే లుంగీ ఎగ్గట్టి, పైపు పట్టుకుని, చక్రాలతో మొదలుపెట్టి తలుపుల మీదుగా వచ్చి, చివరికి బానెట్ ఎత్తి ఇంజనుక్కూడా తలస్నానం చేయిస్తాడు.

"రేపు దేవుడి మందిరానికి వెళ్లే బండి. పైన మెరిస్తే సరిపోద్దా? లోపల కూడా శుభ్రంగా ఉండాలి" అంటాడు.

ఆయన భార్య బ్యూలా గారు టీచరు. పెళ్లయిన నాటి నుంచి ఈయన ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదని ఆవిడ ఫిర్యాదు. నాకు తెలిసి అది నిజమే.

ఇంత శ్రమకూ ఫలితం ఏడాదికి ఒక్క పూట దక్కుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు మా సంఘమంతా ఈత మట్టలు పట్టుకుని, పాడుకుంటూ, పద్మారావు నగర్ దాకా ఊరేగింపుగా వెళ్లి వస్తుంది. అందరికంటే ముందు నడిచేది ప్రభుదాస్ బండి. దాని మీద మైకులు, కీబోర్డు, క్వయర్. స్టీరింగు దగ్గర ఇస్త్రీ చొక్కాలో ప్రభుదాస్. ఎన్నో ఏళ్లుగా ఇదే వరస. ఆ పూట ఆయన ఎవరినీ పలకరించడు, ఎవరైనా పలకరించినా వినపడదు.

అలాంటి బండిలో ఈ ఏడాది ఒక ఆదివారం పొద్దున, తాళం తిప్పగానే, ఇంజను బొమ్మతో పసుపు లైటు వెలిగింది. వెలిగి ఆరలేదు.

మర్నాడు పద్మారావు నగర్‌లో మెకానిక్ బ్రహ్మచారి దగ్గరికి తీసుకెళ్లాడు. బ్రహ్మచారి చేతిలో పట్టే మిషను ఒకటి బండికి తగిలించి, దాని మొహంలోకి చాలాసేపు చూసి, సెన్సర్ పోయిందన్నాడు. మార్చాడు. లైటు పోయింది. ఆదివారం మళ్లీ వచ్చింది. ఈసారి వైరు మార్చాడు. పోయింది. ఆదివారం మళ్లీ హాజరు.

"అన్నా, సోమవారం వస్తే నా కేసు, మంగళవారం వస్తే నా కేసు" అన్నాడు బ్రహ్మచారి మిషను పక్కన పెట్టి. "ఆదివారమే వస్తున్నదంటే గది మీ చర్చి సైడు మ్యాటరే. పరేషాన్ గాకు, లైటే పీకేస్తా. కనవడకుంటే తక్లీఫే లేదు."

ప్రభుదాస్ ఒప్పుకోలేదు. కానీ 'చర్చి సైడు మ్యాటర్' అన్న మాట ఎలా పాకిందో మా సంఘం సెక్రటరీ శాంతికుమార్ గారి చెవిన పడింది. ఆయన ఆఫీసులో రిటైరైన నాటి నుంచి చేతికి పని లేక ఇబ్బంది పడుతున్న మనిషి. "ఇది ఇంజను సమస్య కాదు బ్రదర్, ఇది ఆత్మీయ పోరాటం" అని తేల్చేశారు. బుధవారం ప్రభుదాస్ ఇంటి ముందు, బండి చుట్టూ గృహకూటం పెట్టించారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించారు. తర్వాత సమోసాలు. గురువారం పొద్దున చూస్తే లైటు ఆరిపోయి ఉంది.

ఇక ఆగుతారా? ఆదివారం ఆరాధనలో ప్రభుదాస్‌ను సాక్ష్యం చెప్పమని లేపారు. మా సంఘంలో జ్వరం తగ్గినా, బదిలీ ఆగినా, పోయిన తాళంచెవి దొరికినా లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. "బుధవారం ప్రార్థించారు, గురువారం లైటు ఆరింది" అన్నాడాయన. మందిరమంతా స్తోత్రం అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ పొద్దున బండి తీసినప్పుడు లైటు మళ్లీ వెలిగిన సంగతి మాత్రం ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పైవారం కూడా అదే తంతు. కూటం, సమోసాలు, ఆరడం, సాక్ష్యం, వెలగడం. సాక్ష్యానికి లేచిన ప్రతిసారీ ఆయన మెడ మీద చెమట పట్టడం వెనక బెంచీలో కూర్చున్న నాకు కనిపించేది.

బ్యూలా గారు ఊరుకోలేక బేగంపేటలో పెద్ద సర్వీస్ సెంటరుకు పంపించింది. అక్కడ అద్దాల తలుపులు, ఏసీ, కాఫీ. టై కట్టుకున్న కుర్రాడు సాయంత్రానికి బండి తెచ్చి, "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సర్. మీరు బండి ఇంత నీట్‌గా మెయింటైన్ చేస్తున్నారని ఫ్రీగా ఇంజను కూడా వాష్ చేయించాం" అన్నాడు. ప్రభుదాస్ మురిసిపోయాడు. ఫ్లైఓవర్ ఎక్కేలోగా లైటు వెలిగింది. ఫోన్ చేస్తే, నాలుగు రోజులు అబ్జర్వేషన్‌లో పెట్టమన్నారు. ఎవరు ఎవర్ని అబ్జర్వ్ చేయాలో చెప్పలేదు.

ఒకరోజు శాంతికుమార్ గారు అదే బండిలో ముందు సీట్లో కూర్చుని వచ్చారు. లైటు చూశారు. చూసి ఏమీ అనలేదు. అనాల్సింది కమిటీలో అన్నారు. "ఊరేగింపు నడుమ బండి ఆగిపోతే బయటివాళ్ల ముందు మన సాక్ష్యం ఏమవ్వాలి? మట్టలాదివారం పొద్దున లైటు కనిపిస్తే రోనాల్డ్ వ్యాను ముందు నడుస్తుంది." మా సంఘంలో బండి ఉన్న ఇంకో మనిషి రోనాల్డ్. ఆయన వ్యానుకు ఒక తలుపు తాడుతో కట్టి ఉంటుంది. ప్రభుదాస్‌కు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. బండికి ఏమైందో తెలియకపోవడం ఒక బాధ. అంతలా చూసుకున్న బండి తననే నలుగురిలో తలదించుకునేలా చేస్తోందే అన్నది ఇంకో బాధ. సంఘం ఉపవాస ప్రార్థన ప్రకటించింది. ఉపవాసం మధ్యాహ్నం దాకా ఉంది, తర్వాత బిర్యానీ వచ్చింది.

ఆ వారమే ఎక్కడో పెద్ద పైపు పగిలి మా ఏరియాలో నల్లాలు ఎండిపోయాయి. ట్యాంకరు వస్తే యుద్ధం. శనివారం సాయంత్రం ప్రభుదాస్ బకెట్టు పట్టుకుని పక్కింటి శ్యామలమ్మ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులు.

"అక్కా, ఒక్క బకెట్టు ఉంటే ఇస్తారా? రేపు ఊరేగింపు, బండి కడగాలి."

"తాగనీకి లేవు, నీకు బండి కడగనీకి గావాల్నా?" అందావిడ. "నీ బండికేం దూపైతున్నదా?"

ఆదివారం పొద్దున ఆయన దుమ్ము కొట్టుకుపోయిన బండి ఎక్కి, కళ్లు మూసుకుని తాళం తిప్పాడు. తెరిచి చూస్తే లైటు లేదు. ఆపి మళ్లీ తిప్పాడు. లేదు. శాంతికుమార్ గారు కిటికీలోంచి తల దూర్చి మీటర్లన్నీ పరీక్షించి, "స్తోత్రం" అన్నారు. ఊరేగింపు కదిలింది. బానెట్ మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. దాన్ని చూస్తూ ప్రభుదాస్ సిగ్గుతో చచ్చిపోతూ, సంతోషంతో ఉబ్బిపోతూ పద్మారావు నగర్ దాకా వెళ్లి వచ్చాడు.

సోమవారం నల్లా వచ్చింది. తాగే నీళ్లు పట్టకముందే ఆయన బండి కడిగాడు, లోపలా బయటా. తాళం తిప్పాడు. పసుపు లైటు. చేతిలో పైపు నీళ్లు కారుతూనే ఉంది. కడిగితేనే ఈ లైటని అప్పుడు తట్టి, నల్లా కట్టేసి బ్రహ్మచారి దగ్గరికి వెళ్లాడు.

బ్రహ్మచారి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "బానెట్ లేపి పైపు వెడ్తవా అన్నా? అది ఇంజనా, తోమే బోళ్లా?" అని లోపల వెతికి ఒక ప్లగ్గు బయటికి లాగాడు. దాని రబ్బరు పగిలి, లోపల నీటి చుక్కలున్నాయి. "కడిగితే తడుస్తది, లైటొస్తది. ఎండితే పోతది. ఇన్ని దినాలు ఒక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు అడగలేదుగా?"

"గింత సాఫ్ బండి చూసినంక ఏమడుగుత? ఓనర్ హుషారు మనిషనుకున్న. నేను సుత ఉత్తగనే సెన్సర్ మారిస్తి."

ఈస్టరు నాడు సాక్ష్యానికి లేపారు. చెబితే అన్ని కూటాలూ, ఉపవాసమూ నవ్వులపాలు, పైగా వచ్చే ఏడు ముందు నడిచే బండి రోనాల్డ్‌ది. చెప్పకపోతే ఈ చెమట జన్మంతా ఉంటుంది. ఆయన మైకు పట్టుకుని, "ఆ లైటు సాతాను వెలిగించలేదు. శనివారం శనివారం నేనే పైపు పెట్టి వెలిగించాను. మొన్న నీళ్లు రాలేదు కాబట్టి వెలగలేదు. వెలిగినా మీకు చెప్పకుండా సాక్ష్యాలు చెప్పాను. క్షమించండి" అని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో మా మందిరంలో నేను విన్న నికార్సయిన సాక్ష్యం అదొక్కటే. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు.

శాంతికుమార్ గారికి తోచింది. లేచి మైకు అందుకున్నారు. "విన్నారా సంఘమా! ఈ ఒక్క బిడ్డ బండి కోసం మనం ఉపవాసముంటే, దేవుడు ఏరియా మొత్తానికి నీళ్లు ఆపేశాడు!" మందిరం దద్దరిల్లింది. వచ్చే ఏడు కూడా ముందు నడిచేది ప్రభుదాస్ బండేనని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. ఆయన తల ఎత్తలేదు.

మధ్యాహ్నం బ్యూలా గారు శ్యామలమ్మకు ఈస్టరు కేకు ఇచ్చి, నవ్వుకుంటూ జరిగిందంతా చెప్పింది. కేకు తినడం కాగానే శ్యామలమ్మ మెట్లు దిగి వచ్చింది.

"ఏందయ్యా ప్రభుదాసూ, నీ బండిల లైటు ఆర్పనీకి మా గల్లీకంత నల్లా బంద్ వెట్టిచ్చిన్రా?"

"నేను కాదక్కా, సెక్రటరీ గారు అట్లా అన్నారంతే..."

"ఎవరంటే ఏంది? గీ మోకాళ్లతోని మూడంతస్తులు బిందెలు మోసిన. మీ దేవునికి జెర చెప్పు. మళ్ల గిట్ల చేసేదుంటే ముందుగాల నాకు ఖబర్ చెయ్యమను. డ్రమ్ములు నింపుకుంట."

సంఘం ముందు కూడా పడనంత సిగ్గు ప్రభుదాస్ ఆ మోకాళ్ల ముందు పడ్డాడు.

ఆ శనివారం సాయంత్రం నల్లా వచ్చింది. ఆయన అలవాటుగా లుంగీ ఎగ్గట్టాడు, పైపు తగిలించాడు. బండి దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తబోయి వదిలేశాడు. తర్వాత పైపుకు ఇంకో ముక్క అతికించి, మెట్ల మీదుగా పైకి లాక్కుంటూ వెళ్లి, శ్యామలమ్మ డ్రమ్ములు నింపాడు.