తేజస్వి వీపు తట్టిన రాజమల్లు

తేజస్వి యాభై రెండు కిలోల మనిషి. తొర్రూరులో పత్తి రైతుల ఇంట పుట్టింది. చిన్నప్పటి నుంచీ జూడో తప్ప మరో ధ్యాస లేదు. హనుమకొండలో ఒక వర్తక సంఘం మేడమీది హాల్లో పొద్దున్నే ఆడపిల్లలకు నేర్పుతుంది. ఆ హాలు పోతే మెత్తటి చాపలు పరుచుకునేంత జాగా వాళ్లకు ఇంకెవరూ ఇవ్వరు.

సంఘం పెద్ద సారంగపాణి ఇత్తడి సామాన్ల వ్యాపారి. ఆ హాలును క్యారమ్స్ ఆడేవాళ్లకు ఇద్దామనుకున్నాడు.

"ఆడపిల్లలు మొగోళ్లను పడగొడ్తరా బిడ్డా? ఉత్త ముచ్చట. మా రాజమల్లును ఓడగొట్టు, హాలు నీకే ఇడిసిపెడ్త."

రాజమల్లుది బియ్యం దుకాణం. మనిషి తేజస్వికి దాదాపు రెండింతలు. బస్తాను అవలీలగా భుజానికెత్తుకుంటాడు. కుస్తీ మాత్రం ఫోన్లో చూసిందే.

తేజస్వి బలాన్ని తక్కువ చేసి మాట్లాడదు. తనంత సాధన చేసిన మగవాడు ఎదురైతే తాను ఓడిపోవచ్చని పిల్లలకు దాచకుండా చెబుతుంది. సాధన లేనివాడి సంగతి వేరు. బలమంతా మొదటి ఊపులోనే పారబోస్తాడు, తన కాళ్లు ఎక్కడున్నాయో మరిచిపోతాడు.

ఆదివారం సంఘమంతా మేడెక్కింది.

"అన్నా, ఇగ వశం కాదనుకుంటే తట్టు. ఎంబడే ఇడిసిపెడ్త," అంది తేజస్వి.

"నేను తట్టుడేంది చెల్లె? నీకే దెబ్బ తాకకుంట సూస్కో!"

రాజమల్లు ఆమె మీదికి ఉరికాడు. ఆమె అతని చెయ్యి అందుకుని, కిందికి వంగి, అటు తిరిగింది. కిటికీలు గలగలమన్నాయి. వెల్లకిలా పడ్డవాడి మెడా చెయ్యీ కలిపి బిగించింది. మొహం ఎర్రబడి, రాజమల్లు ఖాళీ చేత్తో ఆమె వీపు టపటపా తట్టాడు. ఆమె వదిలేసింది.

హాలంతా చప్పట్లు. రాజమల్లుకు.

"సూసిన్రా! కింద పడి గూడ పిల్లకు శెభాష్ అంటాండు. ఎంత పెద్ద మనసు!" అన్నాడు సారంగపాణి.

"సేటూ, అది శెభాష్ కాదు. ఓడిపోయిన అని చెప్పుడు."

"ఓడినోడు వీపు తడ్తడా బిడ్డా? పెద్దోళ్లు తడ్తరు గని!"

"అన్నా, ఈసారి చాప మీద తట్టు," అంది తేజస్వి. మళ్లీ పడేసింది. అతను చాప మీదే తట్టాడు.

"చాప గట్టిగున్నదా లేదా అని సూస్తాండు," అన్నాడు సారంగపాణి.

మూడోసారి నోటితోనే చెప్పమంది.

"సాలు తల్లీ, సాలు!" అని అరిచాడు రాజమల్లు.

"ఇన్నరా? ఇగ సాలు, అలసిపోతవ్ అంటాండు. ఆడపిల్లంటే గంత పావురం, గంత ప్రేమ!"

రాజమల్లు మెడ రుద్దుకుంటూ లేచాడు. తేజస్వి వంక చూశాడు, సంఘం వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సేటూ, హాలు పిల్లకే ఇయ్యి. నా శిష్యురాలు."

"గురువు అడిగినంక కాదంటనా!" అంటూ సారంగపాణి తాళంచెవి తీసి తేజస్వి చేతిలో పెట్టాడు.

పిల్లల్లో నవ్య ఊరుకోలేకపోయింది. "అక్కా, గెలిచింది నువ్వు గదా!"

"తాళంచెవి ఎవల చేతులున్నదే?"

"నీ చేతుల."

"మరి చాపలు సర్దు, పా."

ఇప్పుడు కుస్తీ నేర్పమని రాజమల్లు దుకాణానికి మనుషులొస్తున్నారు. ముందు శిష్యురాలిని ఓడించి రమ్మని మేడమీదికి పంపుతాడు. వచ్చిన ప్రతివాడూ ఆమె వీపు తట్టి పోతున్నాడు. రాజమల్లు మాత్రం మెట్లెక్కడు. గురువు కదా.