చుక్కలకు తాళం

గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు సర్దే ఆవిడను పిల్లలు చుక్కల పిన్ని అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇంగ్లిషు స్పెల్లింగ్ పోటీకి తయారయ్యే పిల్లలు బడి వదలగానే ఆవిడ బల్ల చుట్టూ చేరతారు. బల్ల మీద దిండంత లావు నిఘంటువు. అట్ట ఊడిన ప్రతిసారీ గుడ్డ వేసి అతికించింది ఆవిడే. ఎవరైనా ఒక మాట తప్పు చెప్పారంటే, ఆ మాట పక్కన అంచులో వాళ్ళ రంగు పెన్సిలుతో చుక్క పెట్టాలి. పోటీకి రెండు నెలల ముందు నుంచి ఇంకేమీ చదవక్కర్లేదు, ఎవరి చుక్కలు వాళ్ళు వెతుక్కుని చదువుకుంటే చాలు. గ్రంథాలయం పుస్తకం మీద పిల్లల చేత గీయించే ఉద్యోగి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే అయ్యుండాలి.

ఆకుపచ్చ చుక్కలు దర్జీ కూతురివి. నిరుడు ఒక్క మాటలో కప్పు చేజారింది. ఈ ఏడాది దాటితే ఆ పిల్లకు వయసు మించిపోతుంది, ఇక పోటీకి రానివ్వరు.

సరిగ్గా రెండు నెలలుందనగా కొత్త ఆఫీసరు దిగాడు. వచ్చిన వారానికే నిఘంటువును సామాన్ల గదిలో పడేయించి తాళం వేయించాడు. బల్ల మీద టాబ్లెట్ వెలిసింది.

"సర్, అందులో పిల్లల చుక్కలున్నాయండీ" అంది పిన్ని.

"చుక్కలేంటమ్మా, అదేమన్నా ఆకాశమా?" అని ఆయన జోకుకు ఆయనే నవ్వుకున్నాడు. "ఇందులో లక్షల మాటలున్నాయి. నొక్కితే పలుకుతుంది కూడా."

పలికే మాట నిజమే, కాదనకూడదు. తాను ఇన్నేళ్ళూ నోటికొచ్చినట్టు పలికి నేర్పిన మాటలు కొన్ని తప్పని అది పలికితేనే ఆవిడకు తెలిసింది. లోపల కాస్త సిగ్గుపడింది కూడా. ఆవిడ గొడవ వేరు. పుస్తకంలో ఒక మాట దొరకాలంటే అక్షరం తర్వాత అక్షరం బుర్రలో పట్టుకుని పేజీలు తిప్పాలి. ఇందులో మూడక్షరాలు నొక్కగానే మిగతాది అదే పూర్తి చేసిపెడుతోంది. స్పెల్లింగ్ నేర్చుకోవాల్సిన పిల్లకు స్పెల్లింగ్ అందించే యంత్రం! ఆ మాటే వెళ్ళి చెప్పింది.

"అదే కదమ్మా సౌకర్యం!" అన్నాడు ఆఫీసరు.

పిన్నికి ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని వచ్చేసింది. తాళంచెవి ఆయన సొరుగులో ఉంది, ఆవిడ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

పోటీ రోజు పిన్ని మూడో వరుసలో కూర్చుంది. చివరి రౌండు. దర్జీ కూతురికి ఒక జబ్బు పేరు వచ్చింది, పదమూడు అక్షరాలు. మొదటి నాలుగు గంట కొట్టినట్టు చెప్పింది. తర్వాత ఆగిపోయింది. కుడి చూపుడు వేలు మాత్రం గౌను పక్కన గాలిలో రెండుసార్లు నొక్కింది. పిన్ని ఆ వేలిని చూసింది. అంతలో సమయం అయిపోయిందని గంట మోగింది.

బయటికొచ్చాక పిల్ల ఏడవలేదు. "మిగతాది వస్తుందనుకున్నాను పిన్నీ" అంది, అంతే.

మర్నాడు పొద్దున గ్రంథాలయం తలుపు మీద కాగితం అతికించి ఉంది. డిజిటల్ సదుపాయంతో చివరి రౌండుకు చేరిన మన విద్యార్థినికి అభినందనలట! కింద ఆఫీసరు సంతకం. పిన్ని తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"తాళంచెవి ఇవ్వండి."

"ఇప్పుడెందుకమ్మా? పోటీ అయిపోయిందిగా. ఒక్క మాట పోయినంత మాత్రాన..."

"ఇస్తారా, బద్దలు కొట్టమంటారా?"

ఇరవై రెండేళ్ళలో ఆ భవనంలో ఆవిడ గొంతు పెంచడం అదే మొదలు. ఈ గొంతేదో రెండు నెలల కిందటే పెంచి ఉంటే ఎంత బాగుండేది! ఆయన సొరుగు లాగి తాళంచెవి తీసిచ్చాడు.

నిఘంటువు మీద రంగు డబ్బాలు పేర్చి ఉన్నాయి. వాటిని దించి, కొంగుతో దుమ్ము తుడిచి, రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. సాయంత్రం దర్జీ కూతురు వచ్చింది, చేతిలో ఆకుపచ్చ పెన్సిలు. పోటీ ఉన్నా లేకపోయినా తప్పిన మాటకు చుక్క పెట్టాలి కదా. పేజీలు తిప్పింది. మాట దొరికింది. పెన్సిలు ఆగిపోయింది.

అంచులో అప్పటికే ఆకుపచ్చ చుక్క ఉంది. నిరుటిది.

పిన్ని ఆ పేజీ అలాగే తెరిచి పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి ఆఫీసరు ముందు పెట్టింది.

"చూడండి సర్. ఈ పాపకు ఏ మాట రాదో ఈ పుస్తకానికి నిరుడే తెలుసు. మీరు దానికి తాళం వేశారు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. పిల్ల పెన్సిలు చివర నోటితో తడుపుకుని, పాత చుక్క పక్కన రెండోది పెట్టింది.