మోపు కింద పాలు

ఆత్మకూరులో మా చిన్నోడి ఇంటి ప్రహరీ గోడ మీద ఒక జత బూట్లు ఎండుతున్నాయి. వాటిని అక్కడ పెట్టింది నేనే. నాలుకలు బయటికి లాగి, లోపలి మెత్తటి అట్టలు ఊడదీసి, పొద్దు తగిలేటట్టు వాలుగా నిలబెట్టాను. పక్కనే చాప వేసుకొని కందులు బాగు చేస్తుంటే, గాలి అటు నుంచి తిరిగినప్పుడల్లా వాటి వాసన నా మీదికి వస్తోంది. చెమట వాసన, నానిన గుడ్డ వాసన, రోడ్డు దుమ్ము వాసన, పిక్కలకు రాసుకొనే మందు వాసన. మంచి వాసన అని అబద్ధం చెప్పను. కానీ చాప ఎత్తి ఇంకో పక్కకు వేసుకోవడానికి మనసు రాలేదు.

ఆ బూట్లు మా కోడలు స్వర్ణవి. కలిగిరిలో బ్యాంకు ఆఫీసరు. కోళ్ళు కూయకముందే లేచి రోడ్డెక్కి పరుగెత్తి వస్తుంది. వచ్చి ఇద్దరు పిల్లలకు నీళ్ళు పోసి, జడలు వేసి, నాలుగు క్యారియర్లు కట్టి, బస్సు పట్టుకొని పోతుంది. సాయంత్రం వచ్చేసరికి మొహం వడిలిపోయి ఉంటుంది, అయినా పిల్లల పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పిస్తుంది. నెల్లూరులో నలభై రెండు కిలోమీటర్ల పరుగు పెడతారట, దాంట్లో చివరిదాకా పరుగెత్తాలని ఆమె కోరిక. మొదట్లో నాకు నవ్వొచ్చింది. "ఎవురమ్మా నిన్ను తరుముతా ఉండేది?" అని అడిగాను. "ఎవురూ లేరత్తా, నన్ను నేనే తరుముకుంటా ఉండా" అంది.

పోయిన వారం చిన్నపిల్ల చిట్టికి జ్వరం వచ్చింది. బ్యాంకులో లెక్కలు మూసే రోజులు. ఆ రాత్రి స్వర్ణ బూట్లను అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి తోసేసింది. "ఉద్యోగమా, పిల్లలా, పరుగా, మూడూ నా వల్ల కావడంలా అత్తా. మానేస్తా ఉండా" అంది. చిట్టికి జ్వరం తగ్గిన మరునాడు, ఆమె బస్సెక్కి పోయాక, కర్రతో పెట్టెను కిందికి లాగి బూట్లు బయటికి తీశాను. అప్పుడు తగిలింది ఈ వాసన.

అది మా అమ్మ చుట్టకుదురు వాసన. పాత చీర పీలికలు మెలితిప్పి గుండ్రంగా చుట్టి, నెత్తిన బరువు కింద పెట్టుకొనేదాన్ని చుట్టకుదురు అంటారు. అమ్మ కొండ దిగి రాగానే దాన్ని తీసి పందిరి గుంజకు తగిలించేది. అమ్మ చెమట, పచ్చి చెక్క రసం, నలిగిన ఆకు, కొండ మట్టి అన్నీ కలిసి అందులోకి ఇంకిపోయి ఉండేవి. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. చిన్నప్పుడు అమ్మ ఇంట్లో లేనప్పుడు నేను పోయి దాన్ని మొహానికి ఆనించుకొనేదాన్ని.

ఉదయగిరిలో కొండ కాళ్ళ దగ్గరే మా ఇల్లు. తలెత్తితే కోట గోడలు, తల దించితే మా గడప. పొద్దు కొండ వెనక్కి దిగిపోయేది కాబట్టి ఊళ్ళో అందరికంటే ముందు మా వీధికే సాయంత్రం వచ్చేది. ఎండాకాలంలో బండలు పగలంతా కాగి, దీపాలు పెట్టాక కూడా సెగలు కక్కుతుంటే, వాకిట్లో నీళ్ళు చల్లి, ఆ తడి మట్టి మీద చాపలు పరుచుకొని పడుకొనేవాళ్ళం. ఈత పండ్లు తిని నాలుకలు వగరెక్కేవి. కార్తీకంలో కొండ నుంచి దించిన సీతాఫలాలను అవ్వ సజ్జల గంపలో పూడ్చి మాగబెట్టేది, ఏది మాగిందో వాసన చూసి చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. చలికాలం వస్తే పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి దోసిళ్ళతో పంచేది. ఆ వాసన పొరుగింటి పిల్లల్ని కూడా మా పందిరి కిందికి లాక్కొచ్చేది. పీర్ల పండగకు మా వీధి చివర గరిటెలు చెక్కే మస్తాన్ తాత ఇంటి నుంచి రొట్టెలు చిదిమి, బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దలు కట్టిన మలీదా వచ్చేది. నేను నా ముద్దను ఒక్కసారిగా తినకుండా కొంగున కట్టుకొని, మరునాటి దాకా కొరుక్కుంటూ తిరిగేదాన్ని. మస్తాన్ తాత గుమ్మంలో రాలిన చెక్క పేళ్ళే మాకు ఆటవస్తువులు. గులకరాళ్ళు ఎందుకని, ఆ తెల్లటి ముక్కలతోనే అచ్చనగండ్లు ఆడేవాళ్ళం. వేళ్ళ నిండా పచ్చి చెక్క తీపి వాసన.

ఆ చెక్క మా అమ్మ తెచ్చేదే. గరిటెకు గుంట తీయాలంటే చెక్క పచ్చిగా ఉండాలి, ఎండితే ఉలి పెట్టగానే పగులుతుంది. అందుకే కొట్టిన చెక్కను ఎండ ముదరకముందే కిందికి దించాలి. మస్తాన్ తాత గడప దగ్గర తడిపిన గోనెసంచి సిద్ధంగా పెట్టుకొని, కొండ వైపు చూస్తూ కూర్చునేవాడు. మా అమ్మ వేగుచుక్క ఉండగానే సంగటి కెలికి మూతపెట్టి, కోట మెట్లెక్కి, కోట వెనక అడివిలోకి పోయి, మోపు కట్టుకొని, దాన్ని నెత్తిన పెట్టుకొని దిగి వచ్చేది. వచ్చాక మళ్ళీ చేనికి పోయేది. చేలో పని లేని రోజు కూలికి పోయేది. రాత్రి మాకు అన్నం కలిపి పెడుతూ చేతిలో ముద్దతోనే నిద్రలోకి ఒరిగిపోయేది. అవ్వ ఆ ముద్దను మెల్లగా తీసి నా నోట్లో పెట్టేది.

అవ్వ అంటే మా నాయనకు అమ్మ. పళ్ళన్నీ ఊడిపోయి, వక్కాకును చిన్న రోట్లో దంచుకొని నమిలేది. మాట మాత్రం పళ్ళున్నవాళ్ళకంటే గట్టిగా కరిచేది. నా కరుకు మాట ఆమె నుంచి వచ్చిందేనని మా పిల్లలు అంటారు. నిజమే అయి ఉంటుంది.

నాకు తమ్ముడు పుట్టిన ఏడాది వానలు మొహం చాటేశాయి. చేలో విత్తనాలు మట్టిలోనే మాడిపోయాయి. నాయన బావులు తవ్వే పనికి ఆత్మకూరు పక్కకు పోయాడు, ఎప్పుడో కానీ ఇంటికి వచ్చేవాడు కాదు. ఇంటికి మిగిలింది అమ్మ మోపు ఒక్కటే. మస్తాన్ తాత ఇచ్చే సజ్జలతోనే పొయ్యి వెలగాలి. తమ్ముడికి అప్పటికి మెడ నిలవలేదు. అమ్మ వాడికి పాలిచ్చి, నా పక్కలో పడుకోబెట్టి కొండకు పోయేది. దిగి వచ్చేసరికి రవిక ముందు భాగమంతా తడిసి ఉండేది. పాలు పొంగే వేళకు ఇంట్లో ఉండాలని ఆమె లెక్క. గడియారం మా వీధిలో ఎవరికీ లేదు.

కానీ ఇంటికి వచ్చినా వెంటనే పాలియ్యడానికి లేదు, అవ్వ ఒప్పుకోదు. ఎండలో పడి వచ్చిన తల్లి పాలు వేడెక్కి ఉంటాయని, అవి తాగితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయని మా వైపు అందరూ నమ్మేవాళ్ళు. మొదటి పాలు గోడ వారన పిండి పారబోయాలి, ఒళ్ళు కడుక్కోవాలి, నీడన కూర్చుని చల్లబడాలి, అప్పుడు బిడ్డను ఒళ్ళోకి తీసుకోవాలి. గోడ వారన అమ్మ పిండిన పాలకు చీమలు బారులు కట్టేవి. లోపల తమ్ముడు ఎర్రగా కమిలిపోయి ఏడుస్తుంటే, అమ్మ నీడలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, చల్లబడటానికి ఎదురుచూస్తుండేది. ఆమె మొహం నేను చూడలేకపోయేదాన్ని.

దగ్గర్లో చెక్క అయిపోయింది. రోజురోజుకీ ఇంకాస్త లోపలికి పోవలసి వచ్చింది. అమ్మ రావడం ఆలస్యం అవుతూ వచ్చింది. ఒక రోజు నీడలు కురచ అయిపోయినా అమ్మ జాడ లేదు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి నోరు తెరిచినా శబ్దం రావడం మానేసింది. అవ్వ మేక పాలు గుడ్డలో ముంచి నోటికి అందించింది. వాడు మొహం తిప్పుకొన్నాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకొన్నాడు. కాళ్ళు ఆడించడం కూడా ఆపేశాడు. అవ్వ వాడి అరికాలు గిల్లి చూసి, రోలు పక్కకు తోసి లేచింది.

"ఎత్తుకోమే వాణ్ణి. పైకి పోదాం."

"నీ మోకాళ్ళు అవ్వా."

"మోకాళ్ళు నాయి. నోరు మూసుకొని నడువు."

తమ్ముణ్ణి గుడ్డతో నా ఎదకు కట్టింది. ఇంట్లో నుంచి వాకిలి దాకా రావడానికే గోడ పట్టుకొనే మనిషి, చేతులూ కాళ్ళూ వేసి కోట మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టుకూ ఒక తిట్టు. కొండను తిట్టింది, వానను తిట్టింది, బావులు తవ్వబోయిన కొడుకును తిట్టింది, కోట కట్టిన రాజులను కూడా వదల్లేదు. మెట్ల సగంలో దారి పక్కన భుజాలెత్తు బండ ఒకటి ఉంది. దాని దగ్గరికి చేరేసరికి పైన మలుపులో అమ్మ కనిపించింది. మోపు ఎప్పటికంటే పెద్దది. మెడ నరాలు తాళ్ళలాగా తేలి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆమె కాళ్ళు తొందరపడ్డాయి కానీ నెత్తి మీద మోపు ఇంచు కదల్లేదు.

"బిడ్డకేమైంది?"

"ఏం కాలా. పాలియ్యి."

"వేడి పాలు గదత్తా."

అవ్వ ఒక్క నిమిషం ఆగింది. తన అమ్మ చెప్పిన మాట, తన అత్త చెప్పిన మాట, తాను ఇంతకాలం మా అమ్మకు చెప్పిన మాట, అన్నీ ఆ నిమిషంలో ఆమె మొహంలో తిరిగాయి. "కొండ గాలి తగల్లా నీకు? సల్లబడుంటాయిలే. ఇయ్యిమే ముందు" అంది.

"మోపు దించమ్మా" అన్నాను నేను.

"దించితే మళ్ళా ఎత్తేదెవురు? నువ్వా, మీ అవ్వా? కూచుంటే నేను మళ్ళా లేవలేను."

బండ నెత్తి వాలుగా ఉంది, మోపు దాని మీద పెడితే జారి లోయలో పడుతుంది. అందుకని అమ్మ మోపు వెనక కొసను బండకు ఆనించి, ముందు బరువు నెత్తినే ఉంచుకొని, వీపు రాతికి చేర్చి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఒక చేయి పైకెత్తి మోపు పట్టుకొంది. రెండో చేత్తో తమ్ముణ్ణి అందుకొంది. వాడు జారకుండా అవ్వ కింద చేయి ఆనించింది. వాడి నోరు రొమ్మును దొరికించుకొంది. వాడు గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది. అమ్మ గడ్డం మీద నుంచి చెమట బొట్లు వాడి చెవి మీద పడుతుంటే, అవ్వ తన కొంగుతో తుడుస్తూ నిలబడింది. కింద ఊరంతా, చెరువులు ఎండిన తెల్లటి మరకలు, నెల్లూరు పోయే రోడ్డు, మస్తాన్ తాత గుమ్మంలో గోనెసంచి. పైన కోట. ఈ రెంటికీ మధ్య, నెత్తిన బరువుతో, చేతిలో బిడ్డతో, కన్ను ఆర్పకుండా మా అమ్మ. తర్వాత నేను చాలా చూశాను. తిరుపతి చూశాను, సముద్రం చూశాను. అంత పెద్దది ఇంకోటి చూడలేదు.

తమ్ముడికి ఏ విరేచనాలూ పట్టుకోలేదు. వాడిప్పుడు వరికుంటపాడులో మనవళ్ళను ఆడించుకుంటున్నాడు. చెక్క కూడా పగలలేదు. మరునాటి నుంచి అవ్వ అడగకుండానే వాడిని నా ఎదకు కట్టేది. తాను రాలేక మెట్ల మొదట్లో కూర్చుని, నేను కనిపించినంత మేరా "ఎడం పక్కకు పోబాకు, ఆడ రాయి కదలతాది" అని కేకలేసేది. వానలు మొదలై నాయన తిరిగి వచ్చిందాకా ఆ బండే మా ఇల్లు. గోడ వారన పాలు పారబోయడం ఆ రోజుతో ఆగిపోయింది. చీమలు కొన్నాళ్ళు వచ్చి చూసి పోయాయి.

అమ్మకు అక్షరం రాదు. నాకు నలభై దాటాక, రాత్రి బడిలో, పలక మీద అక్షరాలు వచ్చాయి. నేర్చుకొన్నాక మొదట అమ్మ పేరు రాసి చూపించాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంతేనా నేను?" అంది.

పోయినేడు ఉదయగిరి పోయి, కోట మెట్ల దాకా నడిచాను. ముళ్ళకంప అల్లుకుపోయి ఉంది. ఆ బండ కనిపించలేదు, ఉందో లేదో తెలియదు. ఇప్పుడు గరిటెల చెక్క ఆటోలో వస్తుందట. మస్తాన్ తాత ఇల్లు సెల్‌ఫోన్ల దుకాణం. చుట్టకుదురు మెలితిప్పడం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు, నాకూ దాని అవసరం లేదు.

మొన్న శనివారం సాయంత్రం స్వర్ణ వచ్చేసరికి బూట్లు గడప దగ్గర పెట్టి ఉన్నాయి. వాటిని చూసింది, నన్ను చూసింది.

"మానేసినా గదత్తా."

"రేపు పో."

"ఆదివారం ఒక్కపూటే నేను ఇంట్లో ఉండేది. చిట్టి ఏడస్తాది."

"ఏడిస్తే దాన్నే నీ దగ్గరికి తెస్తాం. నువ్వు దారిలో ఉండు, చాలు."

ఆదివారం తెల్లారాక, మా చిన్నోడు నన్నూ చిట్టినీ బండి మీద ఎక్కించుకొని, నెల్లూరు రోడ్డులో ఒక కల్వర్టు దగ్గర దించాడు. సీసాలో ఉప్పేసిన మజ్జిగ. ఎండ పైకి వచ్చింది. చాలాసేపటికి దూరంగా స్వర్ణ కనిపించింది, చొక్కా ఒంటికి అంటుకుపోయి, నోరు తెరుచుకొని. చిట్టి ఎదురు పరుగెత్తింది. స్వర్ణ వచ్చి కల్వర్టు మీద కూలబడబోయింది.

"కూచోబాకు. కూచుంటే మళ్ళా లేవలేవు. నిలబడే తాగు."

ఒక చేత్తో పిల్లను చంకనెత్తుకొని, రెండో చేత్తో సీసా ఎత్తి, గటగటా తాగింది. మజ్జిగ గడ్డం మీదుగా కారి పిల్ల జుట్టు మీద పడుతుంటే, నా కొంగుతో తుడిచాను. పిల్లను నాకు అందించి, మళ్ళీ పరుగు అందుకొంది.

"అమ్మ కంపు కొడతా ఉండాది అవ్వా" అంది చిట్టి, నా భుజం మీద నుంచి వాళ్ళమ్మ పోయిన వైపే చూస్తూ.

"కొట్టనీ" అన్నాను. "బాగా పీల్చుకో. దిగొచ్చేదాకా ఉండాల గదా."

"రోడ్డు మీద దిగేదేంది అవ్వా?"

పిల్ల తలను నా మెడకు ఆనించుకొన్నాను. పిల్ల జుట్టులో ఆ వాసన ఇంకా ఉంది.