నాలుగు వేళ్ల వంకర

ఆ మధ్య ఒక శనివారం పొద్దున, కువైట్ జహ్రాలో మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, కొత్త కారును వెనక్కి తీస్తూ గేటు పక్కనున్న ఇటుక దిమ్మెకు ఆనించాను. కారుకు చిన్న సొట్ట పడింది. దిమ్మె మోకాలెత్తు మిగిలింది.

చప్పుడుకు మొదట వచ్చినవాడు తోటమాలి చిన్నపుల్లయ్య. గోడ కనబడితే ఒంటికన్ను మూసి చూడడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. చూసి, "నాలుగు వేళ్లు వంకర" అంటాడు. మా జిల్లాలో కొండమీదున్న గుర్రంకొండ కోటకు కొలతలు వేసిన రాయలవారి ఆస్థాన శిల్పి, ఈయన తాతకు తాతకు తాతట. ఆ లెక్కన కువైట్‌లో తిన్నటి గోడ ఒక్కటీ లేదు. ఒకసారి నా మీసానికీ అదే తీర్పిచ్చాడు.

నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ కఫీల్‌కు ఈ కోట కబుర్లు నచ్చాయి. ప్రతి గురువారం స్నేహితులు చేరే దివానియాలోకి పిలిపించి, తివాచీ మీద కూర్చోబెడతాడు. ఈయన ఖర్జూరం గింజలతో కొండ పేర్చి, బురుజులు లేపి, ఏనుగులు దూరే వాకిలి చూపిస్తాడు. వాళ్లు గహ్వా పోసిస్తారు. పదకొండేళ్లుగా ఆ ఇంటి కారు నడిపే నేను, బయట చెప్పుల పక్కన నిలబడి ఆ కాఫీ వాసన చూస్తాను.

అంతకుముందు గురువారం ఇక ఓర్వలేక కఫీల్ చెవిన వేశాను, వీళ్ల వంశంలో ఎవరూ కోళ్లగూడుకు మించి కట్టలేదని. వెనక్కి తిరిగితే చిన్నపుల్లయ్య నిలబడి ఉన్నాడు.

రెండు రోజులకే ఈ దిమ్మె. పై నెలలో నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్. కఫీల్ వచ్చి ఇటుకల కుప్ప చూసి, "ఖలాస్, ఊరికి పో" అన్నాడు.

చిన్నపుల్లయ్య ఒంటికన్ను మూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"బాబా, డ్రైవర్ తప్పు లేదు" అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. దిమ్మే నాలుగు వేళ్లు దారిలోకి వాలి ఉందట. కోట కట్టిన వంశం మాట కదా, కఫీల్ కూడా ఒంటికన్ను మూసి చూశాడు. అలా చూస్తే ఏదైనా వంకరే. తలూపి, కొత్త దిమ్మె పని ఈయనకే అప్పజెప్పి లోపలికి పోయాడు.

నేను రసమట్టం తెచ్చి మిగిలిన మొండేనికి నిలువునా ఆనించాను. బుడగ నడిమధ్యన నిలబడింది. వెంట్రుకంత వంకర లేదు. చిన్నపుల్లయ్య చూసీ చూడనట్టు సిమెంటు కలుపుకున్నాడు.

వారానికి దిమ్మె లేచింది, పాతచోట కాదు, రెండు మూరలు పక్కకు. దారి అంత వెడల్పయ్యేసరికి గేటుకు ఇంకో రేకు అతికించాల్సి వచ్చింది. వంటామెతో సహా అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. దండం పెట్టాల్సినవాణ్ణి, ఒళ్లు మండి అడిగాను.

"ఏం పుల్లయ్యా, నా డ్రైవింగు మీద అంత నమ్మకం లేదా నీకు?"

ఆయన తాపీ కడుక్కుంటూ అన్నాడు: "కోట వాకిలి ఏనుగును జూసి కట్టరు నాగేంద్రన్నా, మావటోన్ని జూసి కడతారు."